ఏడో పేజీలో సున్నాలు

ఫోను మోగేసరికి ఆమె నోట్లో పురికొస ఉంది. టమాటా మొక్కను ఎడమచేత్తో కర్రకు ఆనించి, కుడిచేత్తో ముడి వేస్తూ, తెంపాల్సిన కొసను పళ్ళతో పట్టుకుని ఉంది. ఫోను తీస్తే మాట్లాడింది కూతురు కాదు, కూతురి గదిలో ఉండే కళ్ళద్దాల పిల్ల.

"కంగారు పడకండి ఆంటీ" అంది.

ఆ మాటకే ఆమెకు కంగారు పుట్టింది. కంగారు పడొద్దని మొదలుపెట్టినవాళ్ళెవరూ ఇంతవరకు ఆమెకు మంచి కబురు చెప్పిన పాపాన పోలేదు. లైబ్రరీ మెట్ల మీద చిట్టి జారిపడిందట. కుడి మణికట్టు ఎముక చిట్లిందట. కట్టు కట్టారట, అంతకుమించి ఏమీ లేదట. అంతకుమించి ఏమీ లేదని ఆ పిల్ల రెండుసార్లు చెప్పడంతో అంతకుమించి ఏదో ఉండే ఉంటుందని ఆమెకు రూఢి అయిపోయింది. బస్సెక్కేలోపు తలకు దెబ్బ తగిలింది, బస్సు కదిలేలోపు లోపల రక్తం గడ్డకట్టింది, సగం దారి వెళ్ళేసరికి డాక్టర్లు బయటికొచ్చి తల అడ్డంగా ఊపారు. ఇదంతా ఆమె కిటికీ పక్కన కూర్చుని, ఒళ్ళో సంచీ గట్టిగా పట్టుకుని తనకు తానే చూపించుకున్నది.

బయల్దేరేముందు భర్త గట్టు మీద నిలబడి, చెయ్యేగా, తల కాదుగా అన్నాడు. రేపు కోత ఉందని ఆమె నసిగితే తేలిగ్గా చెయ్యి విసిరాడు.

"నేను చూసుకుంటాలే. నువ్వు లేకపోతే ఇక్కడేం ఆగిపోదు."

నిజమే కదా అనుకుంది ఆమె.

కూతురి గది మూడో అంతస్తులో ఉంది. రెండు మంచాలు, ఒక బల్ల, గోడవారన నడుమెత్తు వరకు పేర్చిన కాగితాల కట్టలు. చిట్టి మంచం మీద కూర్చుని ఎడమచేత్తో అన్నం తింటూ సగం ఒళ్ళో పోసుకుంటోంది. మోచేతి దాకా ఉన్న తెల్లటి కట్టు మీద కళ్ళద్దాల పిల్ల నీలం సిరాతో ఒక గ్రాఫు గీసింది. గీత పైకి పోయి పోయి ఉన్నట్టుండి కింద పడుతుంది. అది చిట్టి మెట్లు దిగిన తీరట. ఆమెకు నవ్వు రాలేదు. ముందు కూతురి తల తడిమి చూసింది. వెనకవైపు, చెవుల వెనక, మాడు మీద.

"తల బానే ఉందమ్మా" అంది చిట్టి. "పోయింది చెయ్యే. అదీ రాసే చెయ్యి."

అసలు సంగతి అప్పుడు బయటపడింది. చిట్టి చదివేది వ్యవసాయ అర్థశాస్త్రం, ఎమ్మెస్సీ ఆఖరి ఏడు. ఆమె అడిగినవాళ్ళకు పంటల లెక్కల చదువని చెప్పేది. పంటలు వేసేది నువ్వు, లెక్కలు కట్టేది నీ కూతురా అని తోడికోడలు ఎగతాళి చేసేది. ఆ చదువుకు థీసిస్ అని ఒక పుస్తకం రాయాలి. చిట్టి టమాటా సాగు మీద రాస్తోంది. నూటఇరవై మంది రైతుల ఇళ్ళకు తిరిగి ఫారాలు నింపింది. ఎనభై ఫారాల అంకెలు కంప్యూటర్లోకి ఎక్కాయి, నలభై మిగిలాయి. శుక్రవారం పొద్దున గైడు సారు సంతకం పెట్టాలి, శనివారం ఆఫీసులో ఇవ్వాలి. శనివారం దాటితే మళ్ళీ ఆరునెలలకే తీసుకుంటారు. ఈలోపు పరిశోధన కేంద్రంలో చిట్టికి ఇస్తామన్న ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. థీసిస్ ఇచ్చినట్టు రసీదు చూపిస్తేనే ఆ ఉద్యోగం.

చేతికొచ్చిన పంట నోటికి రాకుండా పోవడమంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. కాయ పండి కోతకొచ్చాక వడగళ్ళు పడటం రెండుసార్లు చూసింది.

"నేనేం చెయ్యను చెప్పు" అంది.

"నువ్వు చదువు. నేను ఎడమచేత్తో కొడతా."

*

మంగళవారం పొద్దున్నే మొదలుపెట్టారు. ఆమె పదో తరగతి దాకా చదివింది. అక్షరం తప్పుపోదు గానీ, తప్పుపోతుందేమోనన్న భయం మాత్రం పోలేదు. ప్రతి అంకె మీద వేలు పెట్టి, రెండుసార్లు చూసుకుని, గట్టిగా చదివేది. మార్కెట్లో పెట్టెలు లెక్కపెట్టే గొంతు అలవాటు కావడంతో అంకె అంకెకూ రాగం వచ్చేది. కళ్ళద్దాల పిల్ల తన మంచం మీద దుప్పటి ముసుగులోంచి, ఆంటీ, వేలంపాట ఎంతదాకా వచ్చింది అని అడిగేది. ఆ పిల్లది స్టాటిస్టిక్స్ చదువు. పొద్దెక్కేదాకా లేవదు.

ఒక్కో ఫారం పదకొండు పేజీలు. మొదటి పేజీలో ఇంటి యజమాని వివరాలు, తరవాత భూమి, నీళ్ళు, విత్తనం, మందులు. ఏడో పేజీ పనిగంటల పట్టిక. నారు పొయ్యడం, నాటడం, కర్రలు పాతడం, పురికొస కట్టడం, పిలకలు గిల్లడం, కలుపు, కోత, కాయ ఏరి పెట్టెలకెత్తడం, ఇవన్నీ వరసగా. ప్రతి పనికీ ఎదురుగా నాలుగు గళ్ళు: కూలి మగ, కూలి ఆడ, ఇంటి మగ, ఇంటి ఆడ.

మొదటి ఫారంలో నాలుగో గడిలో పైనుంచి కిందదాకా సున్నాలున్నాయి. ఆమె సున్నా సున్నా సున్నా అని చదివింది. రెండో ఫారంలోనూ అంతే. ఆరో ఫారం దగ్గరికి వచ్చేసరికి చిట్టి, అమ్మా, ఇంటి ఆడ గడి చదవక్కర్లేదు, ఏమన్నా ఉంటేనే చెప్పు అంది. ఎనిమిదో ఫారంలో ఉంది. కోతకు నూటతొంభై గంటలు, ఏరడానికి నూటయాభై, పురికొసకు ఎనభై. ఆమె వేలు ఆగింది. మొదటి పేజీ తిప్పి చూసింది. ఇంటి యజమాని ఆడమనిషి. భర్త లేడు.

 ఆ తరవాత చదువుతున్నంతసేపూ ఆమె కళ్ళు ముందు ఏడో పేజీ నాలుగో గడి మీదికి పోయి, అక్కణ్ణించి వెనక్కి వచ్చేవి. మధ్యాహ్నం దాకా పదహారు ఫారాలయ్యాయి. పదహారింటిలో గంటలున్నది ఆ ఒక్క ఇంటికే.

పదిహేడో ఫారం మీద తొంభైఏడు అని వేసి ఉంది. యజమాని పేరు చదవబోయి ఆమె నవ్వింది. తన భర్త పేరు. కింద ఆయన సంతకం, ఎప్పటిలా కాగితం అంచు దాకా పాకి కిందికి వంగింది. మన ఇల్లు కూడా రాశావా అంటే, ఇళ్ళు ఎంచడానికి చీటీలు తీస్తే వచ్చింది, మనదని తియ్యకూడదు కదా అంది చిట్టి. ఆమె ముచ్చటగా చదివింది. మన బోరు, మన గొట్టాలు, మన నారు. ఏడో పేజీ తిప్పింది.

ఇంటి మగ గడి నిండా అంకెలు. ఇంటి ఆడ గడిలో నారుకు సున్నా. నాటుకు సున్నా. పురికొసకు సున్నా. కోతకు సున్నా. చిట్టి రాతే. సున్నాలు గుండ్రంగా, పొందిగ్గా, స్కూల్లో ఉన్నప్పుడు ఆమె పక్కన కూర్చుని దిద్దించినట్టే ఉన్నాయి.

చిట్టి కీబోర్డు మీద ఎడమచెయ్యి పెట్టుకుని ఎదురుచూస్తోంది. ఏమైందమ్మా అంది.

"నాకూ సున్నానా చిట్టీ?"

చిట్టి ఇటు తిరిగింది. ఫారం చూసింది. ఆ పిల్ల మొహంలో తప్పు చేసినట్టు ఏమీ కనపడలేదు. అది ఆమెకు మరీ దెబ్బగా తగిలింది.

"నువ్వే చెప్పావు కదమ్మా."

ఆమెకు గుర్తొచ్చింది. ఆ రోజు చిట్టి అట్టకు ఫారం బిగించుకుని, టీచరమ్మలా గట్టు మీద కూర్చుంది. నాన్నను అడగాల్సినవన్నీ అడిగి, నువ్వో అమ్మా, ఈ పంటకు నువ్వెన్ని గంటలు పనిచేశావు అంది. తను మొక్కకు కొస కడుతూ, తల ఎత్తకుండానే, నేనేం చేస్తానే, ఇంట్లోనే ఉంటాగా అంది. పళ్ళ మధ్య పురికొస ఉండటంతో మాట నత్తిగా వచ్చింది. చిట్టి నవ్వి రాసుకుంది.

"మరి నీ కళ్ళెదురుగా చేస్తూనే ఉన్నా కదే."

చెప్పింది చెప్పినట్టు రాయాలట. తాము చూసింది, తాము అనుకున్నది కలపకూడదట. కలిపితే అది సర్వే కాదు, కట్టుకథ అవుతుందని గైడు సారు మొదటి రోజే చెప్పారట. నూటఇరవై ఇళ్ళలోనూ అలాగే రాసిందట. ఆ మాటలు చెబుతుంటే చిట్టి గొంతు తగ్గుతూ వచ్చి ఆఖరికి ఆగిపోయింది.

ఆమె ఫారాన్ని ఒళ్ళో పెట్టుకుని తన చేతుల వంక చూసుకుంది. టమాటా ఆకు రాసుకుంటే చేతికి పసుపుపచ్చ జిగురు అంటుతుంది. అది గంటలో నల్లబడుతుంది. సబ్బుకు పోదు. గోళ్ళ చుట్టూ, వేళ్ళ సందుల్లో, బొటనవేలి గీతల్లో ఆ నలుపు అలాగే ఉంది. బస్సులో పక్కన కూర్చున్నావిడ అది చూసి కాస్త దూరం జరిగిన సంగతి కూడా గుర్తొచ్చింది.

నోటిదాకా వచ్చిన మాట మీద ఆమె వెంటనే మూత పెట్టేసింది. ఇప్పుడు ఈ పేచీ ఎత్తితే శుక్రవారం ఏమవుతుంది. పిల్ల ఉద్యోగం ఏమవుతుంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు.

"సున్నానేలే. కొట్టు" అంది. "తొంభైఎనిమిది తియ్యనా?"

*

బుధవారం పొద్దున భర్త ఫోను చేశాడు. ఆమె గిన్నెలు కడుగుతోంది, చిట్టి స్పీకరు పెట్టింది. పిల్ల చెయ్యెలా ఉందని అడగడం అయ్యాక ఆయన అసలు విషయానికొచ్చాడు. పురికొస ఉండ ఎక్కడ పెట్టావు. కొట్టంలో తలుపు వెనక. పెట్టెల్లో అడుగున పరిచే కాగితం ఏది. మంచం కింద. మరి తడి కాయ పైన పెట్టాలా కింద పెట్టాలా. తడి కాయ పెట్టెలోనే పెట్టకూడదు, పొద్దున మంచు ఆరాక కొయ్యాలి. 

తరవాత గొంతు తగ్గించి, నువ్వెప్పుడొస్తావు అన్నాడు. "ఇద్దరు ఆడకూలీలను పెట్టాల్సొచ్చింది. పొద్దున ఆరింటికొచ్చి చీకటిపడ్డాక వెళ్ళారు. అయినా ఏరడం సగంలోనే ఆగింది. మార్కెట్టువాడు దెబ్బకాయ కలిసిందని మూడు పెట్టెలు వెనక్కి కొట్టాడు. పోనీ ముగ్గుర్ని పెడదామా అని చూస్తున్నా."

ఫోను పెట్టేశాక ఆమె మళ్ళీ కుళాయి తిప్పింది. దుప్పటి ముసుగులోంచి కళ్ళద్దాల పిల్ల తల బయటపెట్టింది. కళ్ళద్దాలు లేకపోవడంతో ఎటు చూస్తున్నదీ తెలియడం లేదు.

"సున్నా స్థానంలో ఇద్దరు" అంది. "అయినా చాలట్లేదు. నేను చదివిన లెక్కల్లో ఇది లేదు."

చిట్టి నవ్వలేదు. తొంభైఏడో ఫారం లాగి బల్ల మీద పెట్టుకుని దాని వంకే చూస్తూ కూర్చుంది. తరవాత లేచి ఫోను తీసుకుంది. ఫారాల మీద నంబర్లున్నాయి. మొదటి ఫారం వాళ్ళకే చేసింది. భార్యనివ్వమంది. ఆవిడ వచ్చాక మర్యాదగా, ఓపిగ్గా అడిగింది: కిందటి పంటలో మీరు పొలంలో ఎన్ని గంటలు పనిచేశారండీ. అవతల గొంతు కూడా అంతే మర్యాదగా, మేమేం చేస్తాం తల్లీ, ఇంట్లోనే ఉంటాం అంది. మరో ఇంటికి చేసింది. అదే మాట. నాలుగో ఇంటికి చేశాక చిట్టి ఫోను మంచం మీద పడేసింది. ఏం చెయ్యను, అబద్ధం రాయనా అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కూతురి కళ్ళలో నీళ్ళు చూస్తే ఆమెకు బుర్ర పనిచెయ్యదు. చేతులు తుడుచుకుని ఫోను తీసుకుంది. ఏం మాట్లాడాలో తెలియకుండానే అయిదో నంబరు నొక్కించింది. మొగుడు తీశాడు. ఆవిడేం చెబుతుంది, నన్నడగండి అన్నాడు. కాదన్నయ్యా, ఆడవాళ్ళ మాట ఒకటుంది, ఇలా మొగవాళ్ళతో చెప్పేది కాదు అంది ఆమె. అతను నిప్పు తొక్కినట్టు ఫోను భార్య చేతిలో పెట్టేశాడు.

"వదినా, నేనూ టమాటా తోటదాన్నే" అంది ఆమె. "ఒక్కటి అడుగుతా. చేతి మరక దేంతో కడుగుతారు మీరు?"

 అవతల ఆవిడ నవ్వింది.

"ఎక్కడ పోతుంది వదినా. పచ్చికాయ నలిపి రుద్దితే కాస్త వదులుతుంది. మర్నాటికి మళ్ళీ అంతే. పిల్లాడి స్కూలుకు వెళ్తే చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడతా."

"నేనూ అంతే. మరి రోజూ అంటుతుందా, కోతనాడేనా?"

రోజూనట. పిలకలు గిల్లిన రోజు మరీ ఎక్కువట. ఎన్నింటికి దిగుతారు తోటలోకి అంటే, పొయ్యి మీద వంట దించి, ఆరున్నరకట. పురికొస కట్టేది ఎవరంటే, ఇంకెవరు, ఆయనకు నడుం వంగదు కదా అంది. కాయ ఏరేది ఎవరంటే, ఆయనకు పండుకీ దోరకీ తేడా తెలియదంది. ఆవిడ చెబుతుంటే ఈమె ఒక్కొక్కటీ తిరిగి అంటోంది. చిట్టి ఎడమచేత్తో వంకరటింకరగా గంటలు వేసుకుంటోంది. అరగంటకు ఫోను పెట్టేసరికి సున్నా ఉన్న ఇంట్లో ఆరువందల ముప్ఫై గంటలు తేలాయి.



*

బుధ, గురువారాల్లో ముప్ఫైమూడు మంది ఆడవాళ్ళతో ఆమె మాట్లాడింది. మిగిలిన ఫారాలు కొట్టే పని కళ్ళద్దాల పిల్ల తన మీద వేసుకుంది. నాలుగైదు ఫోన్లు అయ్యాక ఆ పిల్లే ఆమె అడిగే ప్రశ్నలు వరసగా టైపు చేసి, కాగితం ఇచ్చింది. చేతి మరక దేంతో కడుగుతారు. పొద్దున పొయ్యి ముందా, తోట ముందా. కొస కట్టేది ఎవరు. దెబ్బకాయ ఏరేది ఎవరు. చీకటి పడ్డాక పెట్టెలకు మూతలు కట్టేది ఎవరు. సర్వే ప్రశ్నల కాగితాన్ని షెడ్యూలంటారట, పైన 'ఆంటీ షెడ్యూలు' అని పేరు పెట్టింది.

ఒకావిడ కాన్పయిన పన్నెండో రోజు కర్రలు పాతానని చెప్పింది, వాన వచ్చిందని చెప్పినట్టే చెప్పింది. ఒకావిడ గంటలు చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి, ఇన్నా అంది. ఈమె ఫోను పట్టుకుని అటు ఊపిరి వింటూ కూర్చుంది. ముప్ఫైమూడింటిలో ఒక్క ఇంట్లోనే ఆవిడ నిజంగా తోటలోకి దిగదు. ఆవిడకు మోకాళ్ళు వంగవు. ఆ ఇంటికి సున్నా సున్నాగానే ఉంచారు.

గురువారం సాయంత్రం, ఇంకా వెలుతురుండగానే, కళ్ళద్దాల పిల్ల ఆ గంటలను పెద్ద పట్టికలో వేసింది. ఆడకూలీకి ఇచ్చేదే వీళ్ళకూ కట్టింది. ఒక మీట నొక్కింది. స్క్రీను కింద లాభం అని ఉన్న గడిలో అంకె మారింది. దాని ముందు చిన్న అడ్డగీత వచ్చి, అంకె ఎర్రగా అయింది.

"అదేమిటి?" అంది ఆమె.

కళ్ళద్దాల పిల్ల ఆ అడ్డగీత మీద వేలు పెట్టింది.

"నష్టమా?"

చిట్టి తల ఊపింది. ఆమె మంచం పట్టె పట్టుకుని కూర్చుంది. ఇరవై ఏళ్ళుగా పండిస్తున్నారు. ఏటా చివర ఆయన వేళ్ళ మీద లెక్కవేసి, ఫరవాలేదే, నాలుగు రాళ్ళు మిగిలాయి అనేవాడు. ఆ నాలుగు రాళ్ళూ ఎక్కడివో ఇప్పుడు తెలిసింది. ఇంటి ఆడ గడిలో సున్నా తీసేస్తే ఏమీ మిగలదు. చిట్టి థీసిస్ మొదటి పేజీలో, చిన్న రైతుకు టమాటా సాగు లాభసాటి అని రాసి ఉంది. దాన్ని నమ్ముకునే పరిశోధన కేంద్రంవాళ్ళు ఇంకో మూడు ఊళ్ళలో తోటలు వేయిస్తారట. ఆ ఊళ్ళలో ఆడవాళ్ళ చేతులు ఆమె కళ్ళకు కట్టాయి.

ఆ వెంటనే భయం పట్టుకుంది. ఇంత పని జరుగుతుందని తెలిస్తే ఆ ఫోను ముట్టుకునేది కాదు. పెద్దవాళ్ళతో పేచీ వద్దు, ఆ కాగితాలు సంచీలో పెట్టెయ్, పాతదే ఇచ్చేద్దాం అని బతిమాలింది. సారుకు కోపం వస్తే ఆరునెలలు కాదు, ఆరేళ్ళు తిప్పుతారంది. చిట్టి వింది. తొంభైఏడో ఫారం తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"అందర్నీ అడిగావు. నీదొక్కటే మిగిలింది. నేనడుగుతా, చెప్పు."

"నాదెందుకే. నాకు తెలిసిందేగా" అంటూ ఆమె గిన్నెలు తోమడానికి లేచింది. గిన్నెలు అప్పటికే తోమేసి ఉన్నాయి.

*

చిట్టి ఒక చేత్తో కాగితాలు మొయ్యలేదు కాబట్టి శుక్రవారం ఆమె కూడా వెళ్ళింది. గైడు సారంటే బుర్రమీసాలు, ఎర్రకళ్ళు ఊహించుకుంది. తీరా చూస్తే బక్కపలచని పెద్దమనిషి, కళ్ళద్దాల కాడకు దారం చుట్టుకుని ఉన్నాడు. గోడ నిండా అట్టకట్టిన థీసిస్‌లు. తలుపు పక్కన స్టూలు మీద కూర్చుని ఆమె సంచీ ఒళ్ళో పెట్టుకుంది, చేతులు సంచీ కింద దాచుకుంది.

బల్ల మీద చిట్టి పాత ప్రతి ఉంది. పైన విడిగా ఒక్క కాగితం, సర్టిఫికెట్ పేజీ. దాని మీద సారు సంతకం పడితే రేపు ఆఫీసులో తీసుకుంటారు. సారు పెన్ను మూత తీశాడు. చిట్టి గబగబా కొత్త పట్టికలు బల్ల మీద పరిచింది.

ఆయన చదివాడు. చాలాసేపు చదివాడు. కోప్పడలేదు. గొంతు కూడా పెంచలేదు, అందుకే ఆమెకు మరీ భయమేసింది. ఇవి ఎవరు అడిగారని అడిగాడు. మా అమ్మ అంది చిట్టి. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. మొదటిసారి అడిగినప్పుడు ఈ ఆడవాళ్ళే సున్నా అని చెప్పారు. ఫోనులో వదినా వదినా అంటూ అడిగితే ఆరువందలన్నారు. రెంటిలో ఏది నిజమని ఆయన అడిగాడు. నోట్లో మాట పెట్టి చెప్పించారని పరీక్షకులు అంటే ఏం జవాబు చెబుతావన్నాడు. తను ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకు చెబుతున్నది ఒక్కటే, మనిషి తన గురించి తను చెప్పిందే సాక్ష్యం.

"వాళ్ళకు అబద్ధం చెప్పాల్సిన అవసరమేముందమ్మా? పనిచేసి, చెయ్యలేదని ఎవరు చెప్పుకుంటారు?"

చిట్టి కట్టు మీది గ్రాఫు వంక చూస్తూ నిలబడింది. ఆయన పాత ప్రతి మీది కాగితం దగ్గరికి లాక్కున్నాడు. సంతకం పెట్టేస్తాను, ఈ కొత్త సంగతి తరవాతెప్పుడైనా చూద్దాం అన్నాడు. మంచిమాటే. ఆమె లోలోపల దండం పెట్టుకుంది. పెట్టెయ్యి బాబూ, పెట్టెయ్యి.

పెన్ను కాగితం మీద ఆనించబోతూ ఆయనకు తలుపు దగ్గర మనిషి ఉందని గుర్తొచ్చినట్టుంది. పిల్ల తల్లిని పలకరించకపోతే బాగుండదనుకున్నాడేమో, తలెత్తి మర్యాదగా అడిగాడు.

"మీరేం చేస్తుంటారమ్మా?"

"నేనేం చేస్తానండీ" అంది ఆమె. "ఇంట్లోనే ఉంటాను."

అనేశాక ఆ మాట తన చెవికే వినపడింది. ముప్ఫైమూడు మంది గొంతులు ఒక్కసారి వినపడ్డట్టయింది. గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సంచీ జారి కిందపడింది. ఫ్యాను తిరుగుతోంది. చిట్టి వెనక్కి తిరిగి తల్లినే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు, ఎగతాళి లేదు. ఆ పిల్ల మొహం తెల్లగా పాలిపోయింది.

పిల్ల బతుకు ముంచేశాను అనుకుంది ఆమె. రెండు రోజులు ఊరందరి చేతా చెప్పించి, తీరా తన దగ్గరికొచ్చేసరికి నోరు ఇలా చేసింది.

సారు సంతకం పెట్టలేదు. ఆమె నోటికి అడ్డంగా ఉన్న చేతిని చూస్తున్నాడు. గోళ్ళ చుట్టూ ఉన్న నలుపును, బొటనవేలి గీతల్లోని నలుపును చూశాడు. చెయ్యి దించుదామంటే ఆమెకు చెయ్యి రాలేదు. ఆయన చూపు బల్ల మీదికి పోయింది. పట్టికల కింద 'ఆంటీ షెడ్యూలు' కాగితం ఉంది. దాన్ని పైకి తీశాడు. మొదటి వాక్యం లోపల చదువుకున్నాడు, పెదవులు కదిలాయి. ఒక్క నిమిషం ఎటో గోడ వంక, అట్టకట్టిన ఆ పుస్తకాల వరసల వంక చూశాడు. ముప్ఫై ఏళ్ళవి ఉంటాయి.

"చేతి మరక" అన్నాడు.  "చేతి మరక దేంతో కడుగుతారమ్మా మీరు?"

ఆమె కూతురి వంక చూసింది. చిట్టి చిన్నగా తల ఊపింది.

"పచ్చికాయతోనండీ. నలిపి రుద్దితే కాస్త వదులుతుంది. రోజూ రుద్దుతా. పోదు."

"పొద్దున పొయ్యి ముందా, తోట ముందా?"

"పొయ్యి ముందు. నాలుగున్నరకు లేస్తానండీ. వంట దించి, నీళ్ళు మళ్ళించడానికి వెళ్తా. వెలుగొచ్చేదాకా నీళ్ళే. తరవాత కొస కడతా."

ఆయన రాసుకోవడం మొదలుపెట్టాడు. చేతిలో ఉన్న పెన్నుతో, ముందున్న కాగితాన్ని వెనక్కి తిప్పి, దాని మీదే. అది సర్టిఫికెట్ పేజీ. 

"అయ్యా, అది సంతకం కాగితమండీ" అంది ఆమె.

"తెలుసు. రేపు ఇవ్వలేం" అన్నాడు ఆయన తలెత్తకుండానే. ఆ మాట చిట్టితో అన్నాడు. "నెల రోజుల గడువు నేను రాసి అడుగుతాను. ఇస్తారో ఇవ్వరో చెప్పలేను. ఉద్యోగం సంగతీ చెప్పలేను."

చిట్టి వచ్చి స్టూలు పక్కన నిలబడి, మంచి చేత్తో తల్లి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. భయంతో ఉన్నదెవరో, ధైర్యం చెబుతున్నదెవరో ఆమెకు తెలియలేదు. ఇప్పుడైనా ఆపేస్తే బాగుండుననిపించింది. ఇంట్లోనే ఉంటానండీ, అదంతా ఊరికే అన్నాను, ఆ కాగితం ఇటు తిప్పి సంతకం పెట్టండి అనాలనిపించింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

సారు నాలుగున్నర నుంచి తెల్లవారేదాకా ఒక గీత గీశాడు. గంటలు వేశాడు. పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"చెప్పండమ్మా" అన్నాడు. "కొస కట్టాక?"